ఇంటింటి తిండి లెక్క : ప్రశాంతచంద్ర మహలనోబిసుగారి జీవితము

విద్యార్థులారా, పోయిన నెలలో మీ యింట నెంత బియ్యము వండబడినదో మీ తల్లి నడిగి చూడుడు. ఆమె వెంటనే యొక జవాబు చెప్పును. మరునాడు, గడచిన వారము దినములలో నెంత వండబడినదని యడుగుడు. దానికిని జవాబు చెప్పును. ఇప్పుడా వారపు లెక్కను బట్టి ముప్పది దినములకెంత యగునో కట్టి, మొదటి జవాబుతో సరిచూడుడు. రెండును సరిపోయిన యిల్లు మిక్కిలి యరుదు. ఈ రెంటిలో నేది నిజము? ఇది వంటయింటి తగవువలె తోచును గాని, మన దేశమున బీదవారెందరను పెద్ద ప్రశ్నకు సమాధానము ఈ చిన్న తగవుతో ముడిపడి యున్నది. ఆ సంగతిని గ్రహించి, తక్కెడ తెప్పించి తీర్పు చెప్పించినవారు ప్రశాంతచంద్ర మహలనోబిసుగారు.

వీరు 1893వ సంవత్సరము జూను 29వ తేదీన కలకత్తా నగరమున జన్మించిరి. తాతగారైన గురుచరణుగారు తూర్పు వంగమందలి విక్రమపురము విడిచి 1854లో కలకత్తా చేరి, మందుల దుకాణము పెట్టి వృద్ధికి వచ్చినవారు. ఆయన దేవేంద్రనాథ ఠాకూరుగారి స్నేహమున బ్రహ్మసమాజములో జేరి, ఒక వితంతువును వివాహమాడి, తన వారి యాగ్రహమును సహించెను. పదిమంది నమ్మినదని దేనినైనను నమ్ముట ఆ యింటి యలవాటు కాదు. బాలుడగు ప్రశాంతచంద్రుడు బ్రహ్మసమాజమువారి బాలుర పాఠశాలలో జదివి 1908లో ప్రవేశ పరీక్షయందు గెలుపొంది, ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశచంద్ర బోసుగారు, ప్రఫుల్లచంద్ర రాయిగారు మున్నగు మహోపాధ్యాయుల శిష్యుడై, 1912లో పదార్థవిజ్ఞానమున పట్టము పొందెను.

మరుసటి సంవత్సరము వీరు సీమకు బయలుదేరిరి. లండనులో జదువవలెనని వీరి సంకల్పము. కేంబ్రిడ్జి పట్టణము చూచి వత్తమని యొకనాడు వెళ్లి, అచటి కింగ్సు కళాశాల ప్రార్థనామందిరము యొక్క సౌందర్యమునకు ముగ్ధులై, తిరుగు బండి తప్పిపోయిరి. ఆ రాత్రి మిత్రుని యింట నుండి, అతని సలహాచే మరునాడా కళాశాలలోనే ప్రవేశము గోరి సంపాదించిరి. రైలు తప్పిపోవుట యెల్లప్పుడును నష్టము కాదు కాబోలు.

కేంబ్రిడ్జిలో వీరికి చెన్నపురి నుండి వచ్చిన శ్రీనివాస రామానుజముగారితో స్నేహము కలిగెను. ఒకనాడు రామానుజముగారు పొయ్యిపై కూర కలుపుచుండగా, మహలనోబిసుగారొక పత్రికలోని పొడుపులెక్కను చదివి వినిపించిరి. ఒక వీధిలోని యిండ్లకు ఒకటి మొదలు వరుసగా సంఖ్యలు గలవు. ఒక యింటికి ఎడమవైపు నున్న సంఖ్యల మొత్తమును, కుడివైపు నున్న సంఖ్యల మొత్తమును సమానము. ఇండ్లు 50కి పైగా, 500కు లోపుగా నున్నవి. ఆ యిల్లెన్నవది? మహలనోబిసుగారు కొన్ని నిమిషములు శ్రమించి జవాబు కనుగొని యుండిరి. రామానుజముగారు గరిటె చేత నుండగనే, ఈ యొక్క వీధికే గాక ఇట్టి వీధుల కన్నిటికిని పనికివచ్చు సమాధానమును వ్రాయించిరట. మన పిల్లలు సరిచూచుకొనవచ్చును: 288 యిండ్ల వీధిలో 204వ యిల్లు.

1915లో మొదటి తరగతిలో పట్టభద్రులై, కొలదికాలముండి పోవుటకు స్వదేశము రాదలచిరి. యుద్ధ కారణమున ఓడ ఆలస్యమాయెను. ఆ దినములలో మెకాలేయను గురువుగారు కళాశాల గ్రంథాలయమున బయోమెట్రికా యను పత్రిక సంపుటములను చూపిరి. మనుష్యుల యెత్తు, తలల కొలతలు మొదలగువానిని వేలకొలది సేకరించి, వానినుండి సత్యమును దీయు విద్య యందుండెను. వీరా సంపుటములను కొని, ఓడలోనే చదువ నారంభించిరి. తిరిగి కేంబ్రిడ్జికి పోవలెననుకొన్నవారు కలకత్తాలోనే నిలిచిపోయి, ప్రెసిడెన్సీ కళాశాలలో పదార్థవిజ్ఞానోపాధ్యాయులైరి. పగలు బోధన, మిగిలిన వేళల లెక్కలు. ముప్పదియేండ్లకు పైగా ఇదే క్రమము.

వీరి పద్ధతి యెట్టిదో ఒడిస్సా వరదల విషయము చూచిన తెలియును. 1926లో బ్రాహ్మణీ నదికి గొప్ప వరద వచ్చెను. నది యడుగు మెరకవేసినది గనుక గట్ల యెత్తు పెంచవలెనని యింజనీర్లు నిశ్చయించిరి. మహలనోబిసుగారు పెక్కు సంవత్సరముల వర్షపు లెక్కలను, నీటి మట్టముల లెక్కలను ముందుంచుకొని పరిశీలించి, నది యడుగు మెరకవేయలేదనియు, వరదకు కారణము పైభూములలోని యధిక వర్షమే యనియు కనుగొనిరి. ఉపాయమును వెదకవలసిన స్థలము మారిపోయెను.

1931 డిసెంబరు 17వ తేదీన కలకత్తాలో జరిగిన సభయందు భారత గణాంక సంస్థ పుట్టెను. మరుసటి ఏప్రిలులో రిజిస్టరు చేయబడెను. కళాశాలలో వీరి గదియే దాని కార్యాలయము. మొదటి సంవత్సరపు వ్యయము మొత్తము 238 రూపాయలు మాత్రమే! నేడు ప్రపంచమెల్ల నెరిగిన యా సంస్థ యంత చిన్నదిగా ప్రారంభమాయెను. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము జదివిన తెలుగు యువకుడు సి. ఆర్. రావు, పనికై వెదకుచు కలకత్తా వెళ్లి, 1941లో నీ సంస్థలో విద్యార్థిగా జేరి, తరువాతి కాలమున లోకవిఖ్యాతుడాయెను. గురువునకు తగిన శిష్యుడు.

ఇంటి లెక్కకు రాకముందు పొలము లెక్కను గూర్చి కొంత చెప్పవలెను. ఏలయనగా వీరు వంటయింటికి చేరినది పొలము గట్టు మీదుగానే. 1937 మొదలు వంగదేశమున జనపనార యెంత పండుచున్నదో కనుగొను పని వీరికి వచ్చెను. ప్రతి మడికిని పోయి చూచినగాని నిజము తెలియదని యధికారుల నమ్మకము. వీరట్లనలేదు. అన్నముడికినదో లేదో చూచుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడ నక్కరలేదు గదా! దీనినే మన పెద్దలు స్థాలీపులాక న్యాయమనిరి. అయితే ఆ మెతుకును మనకు నచ్చిన చోట దీయరాదు. పైమెతుకొకటే చూచిన అడుగున మాడినది తెలియదు. అందుచేత చూడవలసిన మడులను వీరు చీట్లు తీసినట్లు, ఎవరి యిష్టమునకును తావులేకుండ నెన్నుకొనిరి.

అంతటితో తృప్తి పడక మరియొక యుక్తి పన్నిరి. నా దృష్టిలో వీరి కీర్తికెల్ల నిదియే మూలము. ఒకే ప్రాంతమునకు రెండు జట్లను, ఒకరి లెక్క నొకరికి తెలియకుండ, వేర్వేరు మడులకు పంపెడివారు. రెండు జట్ల లెక్కలు దగ్గరగా వచ్చిన సరి. దూరమైనచో నెక్కడనో తప్పున్నది. అనగా తమ పనివారి తప్పును పట్టుకొను వలను తమ పనిలోనే ముందుగా నల్లుకొనిరి. మనలో నెందరము మన లెక్కలను మనమే యనుమానింపగలము? నేను పరీక్ష కాగితములు దిద్దినప్పుడెల్ల నీ సంగతి జ్ఞాపకము వచ్చి, కొన్ని కాగితముల మార్కులు కప్పి మరల దిద్దుచుందును. ప్రతిమారును సరిపోవునని చెప్పలేను.

1941లో నీ పద్ధతికి గొప్ప పరీక్ష జరిగెను. ప్రభుత్వమువారు ప్రతి మడిని లెక్కించి వంగదేశపు పంట సుమారు 63 లక్షల బేళ్లనిరి. మహలనోబిసుగారి మచ్చు లెక్క 75 లక్షలకు పైగా వచ్చెను. తరువాత వర్తకుల లెక్కలును సుంకపు లెక్కలును చేరగా, అవియు 75 లక్షలు దాటెను. కొలది మంది జాగ్రత్తగా చూచిన కొలది మడులు, వేలకొలది జనులు తొందరగా చూచిన యన్ని మడుల కంటె నెక్కువ నిజము చెప్పెను.

వరి పంటను కొలుచునప్పుడు మరియొక వింత కనబడెను. పొలములో నొక చిన్న వలయము గీసి యందలి పైరు కోసి తూచి, దానిని బట్టి పొలము పంట కట్టుదురు. వలయము చిన్నదైన కొలదియు పంట యెక్కువగా కనబడుచుండెను! కారణమేమి? గీత మీద నున్న దుబ్బులను కోతవాండ్రు లోపలికి చేర్చి కోయుచుండిరి. పెద్ద వలయములో నా నాలుగు దుబ్బులు లెక్కకు రావు. చిన్న వలయములో లెక్కనే మార్చివేయును. ఈ కోతల విషయమున వీరికిని పి. వి. సుఖాత్మెగారికిని చాలకాలము వివాదము సాగెను. వలయము పెద్దదిగా నుండవలెనని సుఖాత్మెగారి పక్షము. ఆ విషయమున వారి మాట త్రోసివేయదగినది కాదు. పాఠకులీ గీతమీది దుబ్బులను జ్ఞాపకముంచుకొనుడు; వంటయింటిలో మరల కనబడును.

1943లో వంగదేశమున ఘోరమైన క్షామము వచ్చి లక్షలకొలది జనులు మరణించిరి. మహలనోబిసుగారును వీరి సహచరులును 1944-45లో గ్రామములు తిరిగి, బ్రదికి మిగిలిన కుటుంబముల స్థితి నడిగి తెలిసికొనిరి: ఎవరు భూమి నమ్ముకొనిరి, ఎవరు ఎద్దుల నమ్ముకొనిరి, ఎవరు కూలికి దిగిరి యని. దేశమున ధాన్యమెంత పండినదో తెలిసినంత మాత్రమున చాలదు. ఎవరి కుండలో నెంత పడుచున్నదో తెలియవలెనని ఆ క్షామము బోధించెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ప్రధానమంత్రి నెహ్రూగారు వీరిని పిలిపించిరి. 1949లో జాతీయాదాయ సంఘమునకు వీరధ్యక్షులైరి, డి. ఆర్. గాడ్గిలుగారును, వి. కె. ఆర్. వి. రావుగారును సభ్యులు. దేశపు ఆదాయము గట్టబోవగా, జనులు తినునదెంత, కట్టునదెంత యను లెక్క యెచటను దొరకలేదు. దొరకని దానిని ఊహతో నింపుటకు వీరొప్పుకొనక, 1950లో జాతీయ మచ్చు పరిశీలనను స్థాపింపజేసిరి. ఆ సంవత్సరము అక్టోబరు నెలలో మొదటి విడత ప్రారంభమై 1951 మార్చి వరకు సాగెను. దేశమంతటను 1,833 గ్రామములను చీట్ల పద్ధతి నెన్నుకొని, మనుష్యులను పంపిరి.

ఆ పరిశీలకుల పాట్లు తలచుకొనదగినవి. రోడ్లులేని గ్రామములు, అనేక భాషలు. వచ్చినవాడు పన్ను వేయుటకు వచ్చెనని కొందరు తక్కువ చెప్పెడివారు. సహాయము చేయుటకు వచ్చెనని కొందరు మరింత తక్కువ చెప్పెడివారు. పరువు కొరకు ఎక్కువ చెప్పువారును లేకపోలేదు. కొలతలు చూడబోయిన నంతకంటె చిక్కు. మన తెలుగు సీమలోనే సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము అని యెన్నో కొలపాత్రలు; ఈ యూరి కుంచమునకును ఆ యూరి కుంచమునకును పొత్తు కుదరదు. దేశమంతటికి నొకే తూనికలు చట్టముచే నేర్పడినది 1956లో గదా! ఇల్లాలు చెప్పిన ప్రతి కొలతను ఆ యూరి పాత్రతో సరిచూచి సేర్లలోనికి మార్చవలసి వచ్చెను.

ఇన్ని చిక్కులలో మహలనోబిసుగారి మనస్సును పట్టి పీడించినది మొదట చెప్పిన తగవే. వారము దినముల లెక్క యడుగవలెనా, నెల దినముల లెక్క యడుగవలెనా? వారమే మేలని మనకు తోచును. నిన్న మొన్నటి సంగతి మరపునకు రాదు గదా! రెండు విధములను అడిగి చూడగా, వారపు లెక్కయే ఎల్లప్పుడు హెచ్చుగా నుండెను. జనులు నెలలోని సంగతి మరచిపోవుటచే నెల లెక్క తగ్గినదా? లేక వారపు లెక్కయే పెరిగినదా? వాదించి తేల్చుకొనుటకు పూనుకొన్నచో నేటికిని తేలియుండదు. వీరు పశ్చిమ వంగములోని గ్రామములలో పరీక్ష చేయించిరి. కొన్ని కుటుంబములను వారమునకును నెలకును లెక్క యడిగిరి. అవే గ్రామములలో మరికొన్ని కుటుంబములకు పరిశీలకులు స్వయముగా పోయి, వండబోవు ధాన్యమును ఇతర వస్తువులను ఏ రోజున కా రోజు తూచి వ్రాసికొనిరి. ఇల్లాలి జ్ఞాపకమునకును తక్కెడకును పోటీ పెట్టిరన్న మాట.

తక్కెడ నెల పక్షమున తీర్పు చెప్పెను. బియ్యము మొదలగు ముఖ్యపదార్థముల విషయమున ముప్పది దినముల జవాబు తూచిన లెక్కకు దగ్గరగా నుండెను. ఏడు దినముల జవాబు మించిపోయెను. దీని నెస్. బి. సేనుగారితో గలిసి 1954లో ప్రకటించిరి.

కారణమేమై యుండును? పొలములోని వలయమును జ్ఞాపకము చేసికొనుడు. వారమనునది చిన్న వలయము. ఎనిమిది దినముల క్రింద తెచ్చిన బియ్యము, పది దినముల నాటి పండుగ వంట, ఇవన్నియు గీత మీది దుబ్బులు. తెలియకయే యిల్లాలు వానిని లోపలికి లాగుకొనును. ఇందులో నబద్ధమేమియు లేదు. నెల పెద్ద వలయము. దుబ్బులు నాలుగు లోపలికి వచ్చినను మొత్తము చెడదు. మరియు నెలకొక మారు జీతము తీసికొని నెలకొక మారు కొట్టు బాకీ తీర్చు యిండ్లలో, బియ్యపు లెక్క నెలనే యంటిపెట్టుకొని యుండును. ఈ వ్యాసము వ్రాయుటకు పూర్వము మా తరగతి పిల్లలచే వారి యిండ్లలో నీ ప్రశ్న లడిగించితిని. ఒక బాలుని యింట వారపు లెక్క నెల లెక్కలో సగమునకు వచ్చెను. విచారింపగా, పండ్రెండు దినముల క్రింద జరిగిన అక్క నిశ్చితార్థపు వంట యందు చేరియుండెను. ఆ తల్లి యంత నిజాయితీపరురాలు మరియొకరుండరు.

అయితే కూరగాయలు, గ్రుడ్లు, పండ్లు వంటి చిల్లర వస్తువులు నెలలో మరుగుపడిపోవచ్చును. బట్టలు, చెప్పులు నెలకొకమారు కొనువి కావు, సంవత్సరము లెక్క యడుగవలెను. ఒకే ప్రశ్న అన్నిటికిని చెల్లదు. ఆ విషయమున వాదములు మహలనోబిసుగారి తరువాతను ముగియలేదు.

వీరు స్తుతికే పాత్రులని చెప్పినచో అసత్యమగును. పట్టుదల వీరి బలము. అదే వీరి దోషము. సంస్థను తమ యింటివలె చూచుకొనిరి గనుక, ఇంటి పెద్దవలెనే యితరుల మాట వినకుండిరి. సహచరులు కొందరు విసిగి వెడలిపోయిరి. 1956లో మొదలైన రెండవ పంచవర్ష ప్రణాళికకు వీరు వేసిన చిత్తులో పెద్ద యంత్రముల కర్మాగారములకు అగ్రస్థానమిచ్చిరి. అది సరియా కాదా యని పండితులు నేటికిని వాదింతురు. ప్రజల తిండి నంత శ్రద్ధతో తూచినవారు, ఆ తిండిని బండించు సేద్యమునకు మరికొంత యిచ్చి యుండవలసినదని నాకు తోచును. ఆ సంవత్సరమే వీరు సీమనుండి గణనయంత్రమును తెప్పించి సంస్థలో నెలకొల్పిరి. మన దేశమునకు వచ్చిన మొదటి యంత్రములలో నదియొకటి. 1945లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1968లో పద్మవిభూషణ బిరుదమును వీరికి లభించెను. 1972 జూను 28వ తేదీన, డెబ్బదితొమ్మిదవ యేడు నిండుటకు ఒక దినము ముందుగా, కలకత్తాలో పరమపదించిరి.

వీరు పోవుటకు ముందు సంవత్సరమే దాండేకరు, రథ్ గారలు ఇండియాలోని దారిద్ర్యమును గూర్చి ప్రసిద్ధమైన గ్రంథమును ప్రకటించిరి. దానికాధారము ఈ యింటింటి లెక్కలే. అప్పటినుండి బీదవారి సంఖ్య గట్టువారందరును వీనినే వాడుచుండిరి. అటుపైని 1990వ దశాబ్దమున పాత తగవు మరల లేచెను. మచ్చుకై కొన్ని యిండ్లలో భోజనపదార్థములకు ఏడు దినముల లెక్క యడిగి చూడగా, దేశములోని బీదల సంఖ్య దాదాపు సగమునకు తగ్గినట్లు కనబడెను. ఒక్కరికిని ఒక ముద్ద యధికముగా దొరకలేదు. ప్రశ్న మాత్రము మారెను! 1999-2000లో ఒకే యింట రెండు ప్రశ్నలను ఒకేసారి యడుగగా, ఒక జవాబు రెండవదానిని తనవైపు లాగుకొని, ఆ సంవత్సరపు లెక్కలు వెనుకటి వానితో పోల్చ వీలులేక పోయెను. విద్వాంసులు సంవత్సరముల తరబడి దానిని సరిదిద్దుచు కూర్చుండిరి.

2022-23లో జరిగిన పరిశీలనలో ఒక్కొక్క యింటికి మూడు నెలలలో మూడుమారులు పోయిరి. భోజనమునకొకమారు, ఇతర వ్యయములకొకమారు, గృహోపకరణములకొకమారు. పరిశీలకుని చేతిలో కాగితముల కట్టకు బదులు చిన్న గణనయంత్రముండెను. గ్రుడ్లు, కూరగాయలు, నూనె, పండ్లు ఏడు దినములకెంత యని యడిగిరి. బియ్యము, పప్పు, ఉప్పు, పంచదార మాత్రము ముప్పది దినములకే యడిగిరి.